సెలూన్‌లో పళ్ల డాక్టరు

పట్నంలో పళ్ల డాక్టరు క్లినిక్కులో ఏసీ ఉంది, చేపల తొట్టి ఉంది. సేవ ఒక్కటే లోటు. అందుకే స్వచ్ఛంద సంస్థ వాళ్లు అడగ్గానే, ఒక పల్లె ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉచితంగా పళ్లు చూస్తానని ఒప్పుకున్నాడు.

"కుర్చీ అదీ ఉంటాయి కదండీ?"

"అన్నీ ఉంటాయి సార్" అన్నారు వాళ్లు.

నిజంగానే ఉన్నాయి. సంస్థ పేరుతో పెద్ద బోర్డు, దాని మీద వెలగడానికి ఓ లైటు. కుర్చీ మాత్రం ప్లాస్టిక్‌ది. మొదటి రోగి తల వెనక్కి వాల్చగానే కుర్చీ కూడా వాలిపోయింది. పన్ను ఊడలేదు గానీ నడుం పట్టేసింది.

నర్సమ్మ నవ్వాపుకుంటూ, "సెలూన్‌లో తల ఆన్చుకునే కుర్చీ ఉంది సార్, అడిగి చూడండి" అంది.

సెలూన్ వీధి మలుపులోనే ఉంది. దాని యజమానిని ఊరంతా బావ అంటుంది. ఎవరికి బావో ఎవరికీ తెలియదు.

"కుర్చీ నేలకి బిగించేశానండి. మీరే రండి. పొద్దున మీరు పళ్లు పీక్కోండి, మధ్యాహ్నం నేను జుట్టు కత్తిరించుకుంటా" అన్నాడతను.

పెద్ద చదువుల డాక్టరు అలా అద్దాల మధ్య వైద్యం మొదలుపెట్టాడు. నోట్లోకి పటకారు వెళ్లడం రోగికి కళ్లకు కట్టినట్టు కనపడేది. పన్ను పీకించుకుని, దూది కరుచుకుని బల్ల మీద కూర్చున్నవాళ్లను బావ వదిలేవాడు కాదు. "ఎలాగూ వచ్చారు, కటింగ్ చేసేదా?" అనేవాడు. వాళ్లు నొప్పితో మూలిగితే ఒప్పుకోలు కింద జమకట్టేవాడు. ఉచిత వైద్యం పుణ్యమా అని అతడి బేరం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది.

ఓ రోజు సంస్థ పెద్దాయన ఫొటోలకని వచ్చి ముఖం చిట్లించాడు. "ఫొటోలో మన బోర్డు పడాలి కదండీ! ఓసారి ఆసుపత్రికొచ్చి నిలబడండి."

"మరి రోగులు?"

"వాళ్లున్నా ఫర్వాలేదు లెండి."

తర్వాత చూద్దామని ఆయన్ని పంపేసి, డాక్టరు బావ ముఖం చూశాడు. ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బింది.

"ఏమైంది బావా?"

"దోమండీ."

"చిగుళ్ల మీద కుట్టిందా?"

బావ భార్య గుమ్మంలోంచే అందుకుంది. "నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు అన్నయ్యగారూ! ఊరందరి పీకల మీద కత్తి ఆడించే మనిషికి సూదంటే భయమట!"

పరువు కోసం బావ కుర్చీ ఎక్కాడు. సూది చూడగానే డాక్టరు చొక్కా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒక గుండీ ఊడింది, తర్వాత పన్ను ఊడింది. పట్నంలో ఏ రోగీ తనను అలా పట్టుకుని ఎరగడు. డాక్టరు చాలాసేపు ఆ చేతిలోంచి చొక్కా విడిపించుకోలేదు.

మధ్యాహ్నం జుట్టు వంతు వచ్చింది. బావ బల్ల మీద పడుకుని లేవలేదు. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ముసలాయన ఊరికే తిరిగిపోవడం ఎందుకని డాక్టరు ముందు నోరు తెరిచాడు. లోపల ఒక్కటే పన్ను.

"ఇది రాయిలా ఉంది తాతా, ఉంచుకో."

"సరే, మరి గడ్డం?"

డాక్టరు అటూ ఇటూ చూసి సబ్బు బ్రష్షు అందుకున్నాడు. దూది కరుచుకున్న బావ లేచి కూర్చుని, డాక్టరు తప్పు చేసినప్పుడల్లా చేతులు ఊపుతూ మూగగా తిట్టాడు. గంట పట్టింది.

ముసలాయన చెంపలు తడుముకుని, "రేపూ నువ్వే చెయ్యి బాబూ. వీడైతే గడ్డం సగంలో ఉండగానే కబుర్లకి దిగుతాడు" అన్నాడు.