పులుపు పోసిన డబ్బా

రామవ్వ బర్రెకు కండ్లు కనబడటం లేదు. గోడకు తల మోపి పళ్లు కొరుకుతోంది. ఒంట్లోకి సీసం పోయిందని చొప్పదండి పశువుల డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి రామవ్వ రోజూ వెల్లుల్లి నూరి, చింతపండు రసంలో నానబెట్టి తాగిస్తోంది. వారానికి బర్రె పరిస్థితి ఇంకా దిగజారింది.

చూద్దామని పక్కింటి ట్రాక్టర్ మెకానిక్ అంతయ్య వచ్చాడు.

"మందు ఏ గిన్నెల నానబెడుతున్నవ్ అక్కా?"

"ఇత్తడి దాంట్ల పులుపు పోస్తే కిలుమెక్కుతది. గంత తెల్వనిదాన్నా?" అని కసిరి, రామవ్వ కొట్టంలోంచి నల్లటి డబ్బా తెచ్చింది. "గిండ్ల పోస్తున్న."

అంతయ్య డబ్బాను వంచి లోపలికి చూశాడు. అది మూత కోసేసిన పాత ట్రాక్టర్ బ్యాటరీ. అడుగున సీసం మడ్డి ఇంకా అంటుకునే ఉంది.

"ఇంతకుముందు గిండ్ల ఏం పోసేదానివి?"

"బర్రెకు కుడితి" అంది రామవ్వ. అన్నాక డబ్బా చేతిలోంచి జారిపోయింది.