వేడెక్కితేనే పట్టే బ్రేకులు

బావ తన పాత స్పోర్ట్స్ కారుని బావమరిది మెకానిక్ షెడ్డుకి తెచ్చాడు. వెంట నలుగురు స్నేహితులున్నారు. రేసు ట్రాక్ మీద వాడే బ్రేక్ ప్యాడ్లే వేయమన్నాడు.

"అవి బాగా వేడెక్కితే తప్ప పట్టవు బావా. రోడ్డు మీద కూడా తిప్పుతావు కదా, రెంటికీ పనికొచ్చేవి వేస్తాను," అన్నాడు మెకానిక్.

బావ స్నేహితుల వైపు తిరిగాడు. "స్కూటర్లు బాగుచేసుకునేవాడు నాకు పాఠాలు చెబుతున్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. మెకానిక్‌కి ఒళ్లు మండిపోయింది. ఇక నోరు మెదపకుండా అడిగినవే బిగించాడు. ఏ గోడకో గుద్దుకుంటే గానీ వీడికి బుద్ధి రాదనుకున్నాడు. ఆ ఊహ అతనికి తియ్యగా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆ కారు తీసింది మెకానిక్ అక్క, బావ భార్య. వీధి మలుపులో లారీ అడ్డొస్తే బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. కారు ఆగలేదు.

ఆసుపత్రిలో ఆమె కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

"నేను బావకి ముందే చెప్పానక్కా," అన్నాడు మెకానిక్, మంచం పక్కన బావతో పాటు నిలబడి.

"తెలుసు. నువ్వు చెప్పావట, ఆయన నవ్వారట," అంది అక్క. "నాకు మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు."

నర్సుని పిలిచి, తమ్ముణ్ణీ మొగుణ్ణీ బయటికి పంపేయమంది.