మూడో రీలు

రెండో రీలు సగానికి వచ్చేసరికి ఆమె వేళ్ళ మధ్య ఏదో తగిలింది. హ్యాండిల్ తిప్పడం ఆపి, ఫిల్మును జానెడు వెనక్కి లాగి, అంచును బొటనవేలితో చూపుడువేలితో తడిమింది. కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి. అంచు వెంట ఉండే చిల్లుల్లో మూడు చిరిగాయి. బల్ల మీది కాగితంలో మూడు అంకె వేసి, టేపు ముక్క అతికించి, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

పాత సినిమాలు దాచే ఆ గిడ్డంగిలో ఆమె పని అదే. వచ్చిన ప్రతి రీలునూ ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి చుట్టాలి. చిరిగిన చోట అతకాలి. ముప్ఫై ఏళ్ళుగా చుడుతోంది. జీతాల పుస్తకంలో ఆమెకు ఒక పేరుండాలి. అందరూ అతుకులమ్మ అనే పిలిచారు.

పొట్టి మనిషి. హ్యాండిల్ తిప్పీ తిప్పీ కుడి భుజం కిందికి జారింది. పాడవుతున్న ఫిల్ముకు పుల్లటి వాసన ఉంటుంది. అది ఆమె జుట్టులో, బట్టల్లో ఎప్పుడూ ఉండేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కాసేపటికి లేచి నిలబడేవాళ్ళు. ఆమె కాళ్ళు చాపుకుని కూర్చునేది.

తెల్లటి నూలు తొడుగులు లేకుండా ఫిల్మును ముట్టుకోకూడదని అక్కడ నియమం. ఆమె చేరిన వారానికే కుడిచేతి తొడుగుకు రెండు వేళ్ళ కొసలు కత్తిరించేసి, దారాలు ఊడకుండా నీలం దారంతో కుట్టుకుంది. అడిగిన అధికారితో "వేళ్ళకి గంతలు కట్టి వెతకమంటే ఎలాగండీ" అంది. తర్వాత నలుగురు అధికారులు మారారు. నియమం అలాగే ఉంది, తొడుగులూ అలాగే ఉన్నాయి.

తలుపు దగ్గర తోపుడుబండి కీచుమంది. డబ్బాలు మోసే స్టోరాయన ఒక చేత్తో బండినీ ఇంకో చేత్తో నడుమునూ పట్టుకుని లోపలికి వచ్చాడు.

"నాలుగింటికి లారీ వస్తుంది అతుకులమ్మా. ఇవన్నీ వెండి కోసం కరిగించడానికి పోతున్నాయి. నా మీద కూడా ఒక చీటీ అంటించు, ఎక్కి కూర్చుంటాను. మా ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది."

"నిన్ను కరిగిస్తే ఏం వస్తుందయ్యా, తమలపాకు మరక తప్ప."

అతను నవ్వాడు. ఆమె నవ్వబోయి ఆగింది. బండి మీద పైవరసలో ఐదు డబ్బాలు. ప్రతి మూత మీదా గోరంత ఆకుపచ్చ చుక్క. ఆ చుక్కలు పెట్టింది ఆమే.

చీటీ తీసి చదివింది. వర్గం అన్నచోట ‘లేదు’ అని ఉంది.

"ఇవి లారీ ఎక్కించకు. కదిలించనూ వద్దు" అని చెప్పి మెట్లెక్కింది.

పై గదిలో క్యాటలాగు అధికారిణి కూర్చుని ఉంది. చిన్న వయసు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని బల్లంతా కళ్ళజోడు కోసం వెతుకుతోంది.

"మీరెందుకు ఎక్కారు అతుకులమ్మగారూ, ఫోన్ చేస్తే నేనే దిగేదాన్నిగా."

అతుకులమ్మ కుర్చీ వీపు పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఎడమ భుజం రెండు రోజులుగా లాగుతోంది.

"నెత్తి మీదున్నాయి" అంది ముందు. తర్వాత అడిగింది. "ఆకుపచ్చ చుక్క సినిమా బండెక్కిందేంటి అమ్మాయ్?"

అధికారిణి ఒక అట్ట ముక్కను ఆమె వైపు తిప్పింది. అత్యాచారం, ప్రతీకారం అన్న వర్గానికి చెందిన సినిమాలను బాగుచేయించడానికి పైనుంచి అనుమతి వచ్చింది. వర్గం అంటే ఏమిటో నిర్వచించి సాయంత్రానికి అచ్చుకు పంపాలి. అట్ట మీద నాలుగుసార్లు కొట్టేసి అయిదోసారి రాసిన వాక్యం ఉంది.

‘స్త్రీపై అత్యాచారం జరిగి, చట్టం చేతులెత్తేశాక, ఆమె గానీ ఆమె తరఫున మరొకరు గానీ నేరస్థులను వెతికి శిక్షించే చిత్రాలు.’

"మీ సినిమాలో ఐదో రీలు పూర్తిగా పుచ్చిపోయింది. చివరికి ఏం జరిగిందో ఎక్కడా రాసిలేదు. ప్రతీకారం ఉందని తేలకపోతే ఈ అరలో పెట్టలేను. ఈ అరలో లేనిదాన్ని బాగుచేయించలేను."

అతుకులమ్మ వాక్యం మీద వేలు పెట్టింది. "ఈ మరొకరు ఎవరు?"

"అన్న, తండ్రి, మొగుడు. సగం సినిమాలు వాళ్ళవే కదండీ."

"వాటిల్లో ఆ పిల్ల మొదటి రీల్లోనే చచ్చిపోతుంది. మిగతా రీళ్ళన్నీ ఆయనగారి కోపం. ఆ కోపం అంటుకోవడానికి పిల్ల కావాలి, అగ్గిపుల్లలాగా. అంటుకున్నాక పుల్ల ఎక్కడ పడిందో ఎవడు చూస్తాడు?"

అధికారిణి నవ్వింది. నవ్వి, తను రాసిన వాక్యం వైపు చూసి, నవ్వు ఆపేసింది.

"ఐదో రీలు మీరు చూశారా?"

"ముప్ఫై నాలుగేళ్ళ కింద చూశాను."

"చంపిందా?"

అధికారిణి కలం మూత తీసింది. గొంతు తగ్గించి అంది. "చంపిందని మీరొక్క మాటంటే రాసేస్తాను. ఆ రీలు ఇక ఎవరూ చూడలేరు. కిందికెళ్ళి బండి మీంచి దించమని చెప్పొచ్చు."

ఒక్క మాట. అతుకులమ్మకు ఆ మాట నోటిదాకా వచ్చింది.

"చంపలేదు."

కలం మూత పడింది.

"కత్తి పట్టుకుని వాడి ఇంటికి వెళ్తుంది. వాడు గుమ్మంలో సైకిలు బాగుచేసుకుంటుంటాడు. తలెత్తి ‘ఎవరు కావాలి?’ అంటాడు. వాడికి ఆమె గుర్తే లేదు. ఆమె అక్కడ చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చేస్తుంది. ఇంట్లో కూర్చుని అదే కత్తితో పండు కోసుకుని తింటుంది. పండు మొత్తం. గింజలు తీసి పక్కన పెట్టడం కూడా చూపిస్తారు. అంతే, అయిపోయింది. మా ఆయన పనిచేసిన హాల్లో కుర్చీలు విరగ్గొట్టారు. మూడు రోజులాడింది."

"మరి ఇందులో ప్రతీకారం ఎక్కడుందండీ? కమిటీవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు ఒకసారి కిందికి రా."

ముందు తను దిగింది, గోడ పట్టుకుని. దిగుతున్నంతసేపూ ఆమెకు ఒక బిస్కట్ల డబ్బా గుర్తొచ్చింది.

పెళ్ళయిన రెండో నెలలో మంచం కింద ఊడుస్తుంటే దొరికింది. భర్త సినిమా హాల్లో ఆపరేటరు. డబ్బా నిండా ఫిల్ము ముక్కలు. ఆపరేటర్లందరి దగ్గరా అలాంటి డబ్బా ఒకటుండేది. నచ్చిన చోట కోసి దాచుకునేవాళ్ళు. ఏవి నచ్చేవో వెలుతురుకు పెట్టి చూస్తే తెలిసింది. చిరిగిన జాకెట్టు. నోటి మీద ఒక చెయ్యి. అరుస్తున్న ముఖం. ఒకే మనిషివి ఇరవై ఆరు బొమ్మలు, అన్నీ అప్పుడు హాల్లో ఆడుతున్న ఆ ఆకుపచ్చ చుక్క సినిమావే.

ఆ రోజే భర్తకు చెప్పింది. పెళ్ళికి నాలుగేళ్ళ ముందు తను కుట్టుపని నేర్చుకున్న దుకాణం యజమాని సంగతి. ఎవరికీ చెప్పని సంగతి. అతను లేచి, "వాడి ఇల్లు చూపించు, నరికేస్తాను" అన్నాడు.

"నువ్వు జైల్లో కూర్చుంటే నాకెవరున్నారు? ముందు ఇవి ఎక్కడివక్కడ అతికించు. ఆమెని ముక్కలు చేసి మంచం కింద పెట్టుకోవడానికి నువ్వెవరు?"

మర్నాటి ఉదయం ఆట మొదలవకముందు అతను ఆమెను యంత్రాల గదికి తీసుకెళ్ళాడు. ఆమె పక్కనే నిలబడి చూస్తుంటే రెండు ముక్కలు వంకరగా అతికించాడు. మూడోది ఆమె లాక్కుంది. టేపు ఎలా పెట్టాలో, అంచులు ఎలా కలపాలో అతను చెబుతుంటే మిగతావన్నీ తనే అతికించింది. ఆమె నేర్చుకున్న రెండో పని అలా వచ్చింది. అతన్ని క్షమించిందా అంటే, లేదు. ఆ డబ్బాలో సూదులూ దారాలూ పెట్టుకుని, ముప్ఫై నాలుగేళ్ళు అతని కళ్ళ ముందే ఉంచింది. అతను దాన్ని పారెయ్యమని ఎన్నడూ అడగలేదు. ఆ తర్వాత ఏ ఫిల్మునూ కోయలేదు.

బల్ల దగ్గర ఆమె తన కుడి తొడుగు విప్పి అధికారిణి చేతికి తొడిగింది. ఆ అరలో మొదటి స్థానం ఖాయమైన సినిమా, ఏడాదిపాటు ఆడినది, తెరిచి బల్లకు ఎక్కించింది.

"కళ్ళు మూసుకో. నేను తిప్పుతాను. వేలికి అతుకు ఎత్తుగా తగిలినచోటల్లా చెప్పు."

మొదటి రీలు. "ఇక్కడ. ఇక్కడ. మళ్ళీ ఇక్కడ." పదకొండుసార్లు చెప్పింది.

"నాలుగు నిమిషాల సీను. ఇప్పుడు రెండున్నర ఉంది. మిగతాది మగాళ్ళ జేబుల్లోకి పోయింది. ఇదుగో, ఇది చివరి రీలు."

అంచు రంపంలా తగిలి అధికారిణి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నరికే సీను. ఈలలు వేసి మళ్ళీ వెయ్యమంటే మళ్ళీ వేసేవాళ్ళు. ఇప్పుడు మూడో రీలు."

చక్రం తిరిగింది. అధికారిణి కాసేపు ఎదురుచూసింది. "ఏమీ తగలడం లేదే."

"తగలదు. కొత్తదానిలా ఉంటుంది. ఆట త్వరగా ముగించాలంటే మూడోది వదిలేసి నాలుగోది ఎక్కించేవాళ్ళు. హాలు నిండా జనం ఉండేవాళ్ళు, మధ్యలో ఏమైందని ఒక్కడూ అడగలేదు. ఇందులో ఏముంటుందో తెలుసా? ఆమె లేస్తుంది. నీళ్ళు పోసుకుంటుంది. మూడు రోజులు తలుపు తియ్యదు. నాలుగో రోజు పాల కోసం తీస్తుంది. పాలవాడు ‘ఊళ్ళో లేరా’ అంటాడు. ‘ఉన్నాను’ అంటుంది." హ్యాండిల్ ఆపింది. "ఆకుపచ్చ చుక్క సినిమాలో ఆ మొదటి సీను తప్ప అంతా ఇదే. ఐదు రీళ్ళూ మూడో రీలే."

అధికారిణి కళ్ళు తెరిచింది. అతుకులమ్మ ముఖం వైపు చూసింది. తొడుగు తియ్యకుండానే అట్ట తిరగేసి, బల్ల మీదికి వంగి రాసింది. ఒక మాట కొట్టేసింది. మళ్ళీ రాసి, పైకి చదివింది.

"‘అత్యాచారానికి గురైన స్త్రీ ఆ తర్వాత ఏం చేసిందన్నదే కథగా నడిచే చిత్రాలు. శిక్షించడమైనా, శిక్షించకపోవడమైనా ఆమె నిర్ణయమే కావాలి.’ ఇలా అయితే అన్నల సినిమాలన్నీ బయటికి పోతాయండీ. సగం అర ఖాళీ."

"ఖాళీ అయితే దుమ్ము దులుపుకోవచ్చు."

"వర్గం పేరులో ప్రతీకారం ఉంచొచ్చా?"

"ఉంచు. వాడికి ఆమె గుర్తు లేకపోయినా ఆవిడ పండు తినగలిగింది. నాకది చాలు."

స్టోరాయన ఐదు డబ్బాలూ దించాడు. "ఎక్కించమనేదీ మీరే, దించమనేదీ మీరే. నా నడుం ఏ వర్గం?" అని గొణిగాడు. లారీ నాలుగున్నరకు వచ్చి మిగతావి తీసుకుపోయింది.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి భర్త గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. యంత్రంలోని వెలుగు చూసీ చూసీ అతనికిప్పుడు నీడలు తప్ప కనిపించవు.

"ఇవాళ పులుపు ఎక్కువగా ఉంది. ఏ సినిమా?"

"మనదే."

అతను కాస్త జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చున్నాక అడిగాడు. "ఇంకా ఉందా?"

"ఉంది. ఇక ఉంటుంది."

"నేనతికించినవి వంకరగా ఉండేవి."

"ఉన్నాయి. అన్నిటికీ కొత్త టేపు వేశాను. నీవి రెండూ అలాగే ఉంచాను."

అతను తడుముకుని ఆమె ఎడమ భుజం పట్టుకున్నాడు. బొటనవేలితో నెమ్మదిగా నొక్కాడు. "సోమవారం ఆసుపత్రికి పోదాం" అన్నాడు. "సోమవారం ఆ సినిమా మొదలుపెట్టాలి, మంగళవారం పోదాం" అంది. అతని చెయ్యి అక్కడే ఉంది. ఆమె తియ్యలేదు.

సోమవారం ఆమె రాలేదు. ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందని, భర్త లేపబోతే లేవలేదని స్టోరాయన వచ్చి చెప్పాడు. చెప్పి, బండి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

పదిహేను రోజులకు భర్త వచ్చాడు, స్టోరాయన భుజం మీద చెయ్యి వేసుకుని. ఆమె భోజనం డబ్బా, గొడుగు తీసుకున్నాడు. అచ్చయిన క్యాటలాగులో ఆ సినిమా ఉన్న పేజీని అధికారిణి చదివి వినిపించింది. విన్నాడు. మొదటి రీలు ఒకసారి చేతికివ్వమన్నాడు. వేళ్ళతో అంచు వెంట వెళ్ళి ఒకచోట ఆగాడు. "ఇది నాది" అన్నాడు.

వెళ్ళేటప్పుడు అధికారిణి తొడుగు తెచ్చి అతని చేతిలో పెట్టింది. నీలం దారం కుట్టు వెంట వేలు పోనిచ్చి, అతను దాన్ని తిరిగి బల్ల మీద పెట్టాడు.

"దీనికి ఇంట్లో ఏం పనుందమ్మా."

హ్యాండిల్ పక్కన అది వెల్లకిలా ఉండిపోయింది. మూడు వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, కొసల్లేని రెండు వేళ్ళు మాత్రం ఇంకా ఏదో అంచును పట్టుకున్నట్టు గుండ్రంగా తెరుచుకుని ఉన్నాయి.