పేజీ పక్కన రాసిన మాటలు

చెల్లిని కాటికి సాగనంపి వచ్చిన మర్నాడే లాండ్రీ మేనేజరు అందరినీ నిలబెట్టి తిట్టాడు. "రోలర్ ఎలా నడపాలో మీ ఫోన్లలోనే ఉంది. చదవకపోతే తప్పెవరిది?"

చచ్చినవాళ్లు ఎదురు చెప్పరని వాడి ధైర్యం.

దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ రోలర్, బటన్ నొక్కినా వెంటనే ఆగదు. చెల్లి అందులో చిక్కుకున్న రోజు, అక్క పొద్దుటి షిఫ్టు దిగేముందు ఫోన్లో రోలర్ నడిపే పద్ధతి ఉన్న పేజీ తెరిచి, పక్కన 'చెయ్యి పెట్టొద్దు' అని రాసింది. ఒకరు రాస్తే అందరికీ కనపడే ఏర్పాటది. మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చే చెల్లి చూసుకుంటుందిలే అనుకుంది. గేటు దగ్గర ఎదురుపడితే, నా దువ్వెన ఎందుకు తీశావని పోట్లాడింది గానీ, ఈ మాట నోటితో చెప్పలేదు. ఆ బాధ ఆమెను తినేస్తోంది.

మేనేజరు తిట్టిన రోజు సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో అందరూ చేరారు.

"నేను రాశాను పిన్నీ. చెల్లి చూసుకోలేదు," అంది అక్క.

మడతలు పెట్టే పిన్ని తన ఫోన్ తీసింది. "ఏదే? ఇందులో నేను రాసిందొక్కటే ఉంది."

"నువ్వూ రాశావా?"

ఫోన్లన్నీ బల్ల మీద పరిచారు. పేజీ ఒకటే. అందరూ అదే హెచ్చరిక రాశారు. ఎవరిది వాళ్లకే కనపడుతోంది.

"మనం రాసేవి తనిఖీవాళ్ల కంట పడకుండా పోయిన నెల అలా మార్చారంట," అన్నాడు ఆఫీసులో కంప్యూటర్ చూసే ఆయన, తల దించుకుని. "నాకూ ఇవాళే చెప్పారు."

"గొడవకి దిగితే పని పోతుంది. పిల్లలున్నవాళ్లం," అందొకామె.

"పనిలో ఉండగానే కదమ్మా దాని ప్రాణం పోయింది," అంది పిన్ని.



మర్నాడు పొద్దుటి షిఫ్టువాళ్లు పని దిగినా ఇంటికి పోలేదు. మధ్యాహ్నం చెల్లి స్థానంలో ఒక కొత్త పిల్ల వచ్చింది. అందరూ రోలర్ చుట్టూ నిలబడ్డారు. అక్క ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"వినమ్మా. ఇది ఆగదు. నా చెల్లిని మింగింది."

"దీన్ని బాగుచేయండి. మేం రాసినవి అందరికీ కనపడనివ్వండి. అందాకా రోలర్ వెయ్యం," అంది పిన్ని, అక్కడికి వచ్చిన మేనేజరుతో.

మేనేజరు పోలీసులను పిలిచాడు. కంపెనీ పనికి అడ్డుపడుతోందని అక్కను బయటికి లాక్కుపోయారు.

"నువ్వు వెయ్యవే," అని కొత్త పిల్ల మీద అరిచాడు మేనేజరు.

ఆ పిల్ల వెనక్కి జరిగి పిన్ని పక్కన నిలబడింది. "నేనూ వెయ్యను సార్."

వ్యాను ఎక్కుతూ అక్క చెవులు రిక్కించింది. లోపల రోలర్ తిరగడం లేదు. అప్పుడు ఏడ్చింది, చెల్లిని పేరు పెట్టి పిలుస్తూ.