ఆల్మా లాక్ దగ్గర గంటన్నర

బ్రెన్నాకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. పది నెలల జూనీ తన నాన్నను చూసి, ఎవరో పరాయి మనిషనుకుని గుక్కపెట్టి ఏడుస్తుందని.

డెల్ మిసిసిపీ నది మీద సరుకులు మోసే బార్జీలను తోసే పడవలో పని చేస్తాడు. వెళ్లి నలభై రోజులైంది, ఇంకో ఇరవై రోజులదాకా రాడు. అయితే శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి వాళ్ల పడవ 'క్లారా డీన్' ఆల్మా లాక్‌కి, అంటే నీటిమట్టం తగ్గించి పడవల్ని దిగువకి దింపే గేట్ల తొట్టికి, వస్తుంది. అందులో పదిహేను బార్జీలు ఒక్కసారిగా పట్టవు కాబట్టి, రెండు విడతలుగా కిందికి దింపేసరికి గంటన్నర పడుతుంది. పడవలోవాళ్లు ఒడ్డు దిగకూడదు కానీ, పైన నిలబడ్డవాళ్లతో మాట్లాడొచ్చు.

"మన ప్రెస్కాట్ నుంచి ఆల్మాకి తొమ్మిది గంటలమ్మాయ్. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే సరిగ్గా అందుకుంటాం," అన్నాడు మామగారు ఆర్విల్.

ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ నది మీద పడవ నడిపిన మనిషి. ఎక్కడో ఉత్తరాన పాడి ఊళ్లోంచి కోడలిగా వచ్చిన బ్రెన్నా ఆయన మాటకు ఎదురు చెప్పలేదు. కొండల పక్క దారి కదా, మెలికలెక్కువేమోలే అనుకుని నాలుగింటికే పాపను లేపింది. ఐదింటికి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తనే కారు నడిపింది.

"మామయ్యా, పాపకి డైపర్ మార్చాలి. దగ్గర్లో బాత్రూం ఎక్కడుంది?"

"ఏడు వందల డెబ్బై ఎనిమిదో మైలు. ఎడమ ఒడ్డు."

"ఊరి పేరు చెప్పండి మామయ్యా!"

"ఊళ్లతో నాకేం పని? నన్నెప్పుడైనా ఊళ్లో దిగనిచ్చారా?"

ఆగమనే ఎర్ర పలక దూరాన కనపడితే చాలు, ఆయన రెండు కాళ్లూ నేలకేసి తన్నేవాడు. "ఆపు! ఇప్పుడే ఆపు!"

"ఇంకా అర మైలుంది!"

"అర మైలులో ఎలా ఆపుతావు?"

పెపిన్ సరస్సు మీద మంచు విడుతోంది. చూడముచ్చటగా ఉంది కానీ, బ్రెన్నా చూపంతా అద్దంలో పాప మీదే. ఆల్మా బోర్డు కనపడేసరికి ఆరున్నర అయింది. ఆర్విల్ గడియారాన్ని చూశాడు, నదిని చూశాడు. తను చెప్పింది పడవకి పట్టే టైమని అప్పుడు తట్టింది.

"ఈ రోడ్డు మరీ తొందరపడుతోంది," అన్నాడు.

పడవ రావడానికి ఇంకా ఏడున్నర గంటలు! ఆల్మాలో ఊరికీ నదికీ మధ్య రైలు పట్టాలున్నాయి. జూనీ కళ్లు మూసినప్పుడల్లా ఏదో ఒక గూడ్సు బండి కూత పెట్టేది. రెండయ్యేసరికి పాప ముట్టుకుంటే ఏడ్చేలా ఉంది.

లాక్ గోడ మీద నిలబడి ఎదురుచూస్తుంటే క్లారా డీన్ వచ్చింది. ముందు బార్జీ కొసన నారింజ రంగు లైఫ్ జాకెట్లలో ఇద్దరు నిలబడ్డారు. ఒకతనికి ఎర్ర గడ్డం. జూనీకి నాన్నంటేనే ఎర్ర గడ్డం, రెండు చేతులా పట్టి లాగేది. బ్రెన్నా పాపను పైకెత్తింది.

"అదిగో నాన్న!"

జూనీ కళ్లు విప్పార్చి, చేతులు చాచి కిలకిలా నవ్వింది. బ్రెన్నాకి ప్రాణం లేచొచ్చింది.

"డెల్! చూశావా, గుర్తుపట్టేసింది!"

గడ్డం మనిషి ఇబ్బందిగా కదిలాడు. "నేను కర్టిస్‌ని అక్కా."

పక్కనున్న నున్నటి మొహం అరిచింది: "బ్రెన్నా, నేనిక్కడున్నానే!"

"గడ్డం ఏదీ?"

"పొద్దున్నే గీసుకున్నా. పాప ముందు శుభ్రంగా ఉండాలని."

"నలభై రోజుల్లో ఇవాళే గుర్తొచ్చిందా నీకు శుభ్రం!"

జూనీ ఆ నున్నటి మొహాన్ని చూసింది. పెదవి వణికింది. ఆ తర్వాత ఎత్తుకున్న గుక్కకి గూడ్సు కూత కూడా చిన్నబోయింది.

"పాపని తప్పుపట్టలేం, కర్టిస్ బుద్ధిమంతుడు," అన్నాడు ఆర్విల్.

"నువ్వు కాసేపు ఊరుకో నాన్నా!"

డెల్ పాట పాడాడు, ఈల వేశాడు. చివరికి నేల తుడిచే మాప్‌ని గడ్డంలా పెట్టుకున్నాడు. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. కర్టిస్ నవ్వాపుకోలేక తాడు జారవిడిస్తే, పై నుంచి "తాడు! తాడు!" అని ఆర్విల్ గర్జించాడు. నీళ్లు తగ్గుతూ డెల్ మొహాన్ని అంగుళం అంగుళం కిందికి తీసుకుపోయాయి. గేట్లు తెరుచుకునేసరికి అతను తాడు చుట్టుకుంటున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

కారెక్కగానే పాప నిద్రపోయింది. లేచేసరికి దానికేదీ గుర్తుండదు. మరి డెల్‌కి? ఫోన్ చేస్తే, కొండల మధ్య అందడం లేదు.

ఆర్విల్ కిటికీలోంచి నదిని చూస్తూ అన్నాడు: "డెల్ గాడూ చిన్నప్పుడు నన్ను చూసి బల్ల కింద దూరాడు. తిరిగి పడవెక్కాక వారం రోజులు ముద్ద దిగలేదు నాకు. తిన్నావా అని అడిగినవాడు లేడు."

బ్రెన్నా ఇంటికొచ్చి దిగువ ఊళ్లలో తెలిసిన వాళ్లందరికీ కబురు పంపింది. మీకూ అదే మనవి. ఈ వారం మీరు ఆ నది దారిన దిగువనున్న లా క్రాస్ ఊరి వైపు వెళ్తుంటే, క్లారా డీన్ కనపడితే, కాస్త బండి ఆపండి. ముందు బార్జీ మీద అప్పుడప్పుడే గడ్డం మొలుస్తున్న మనిషుంటాడు. కేకేసి, తిన్నాడో లేదో కనుక్కోండి.