తోక ముడిచేదాకా

పొద్దున్నే సూరమ్మ వాకిట్లో చాప పరిచి ఎండుచేపలు ఆరబోసింది. కోడలు శారోన్ అరుగు మీద పాపకి ఉగ్గు పెడుతోంది. సుందరరావు మాస్టారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. చదవడమంటే అందులో తప్పులు వెతకడమే. రిటైరైనా ఆ జబ్బు పోలేదు. అప్పుడే వాకిట్లో ఓ పక్షి నీడ వాలింది.

పక్షి దాని దారిన అది పోయింది, నీడ మాత్రం ఉండిపోయింది. దిండి పక్కనున్న ఆ ఊళ్ళో ఇది అప్పుడప్పుడూ ఎవరో ఒకరింట జరిగేదే. పక్షిరాజు నీడైతే దూరాన ఉన్న మనిషి ఇల్లు చేరతాడు. గద్ద నీడైతే ఇంట్లో ఒకరి ప్రాణం పోతుంది. నీడ తోక పూర్తిగా ముడిచే వేళకి దాని కింద ఎవరుంటే వాళ్ళది, ఎవరూ లేకపోతే ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళది. చర్చి వీధిలో పక్షిరాజన్నదాన్నే రాజుల వీధిలో గరుత్మంతుడని చెంపలేసుకుంటారు. ఎవరేమన్నా దాని తోక విసనకర్రలా గుండ్రంగా ఉంటుంది. గద్ద తోక చేపతోకలా చీలి ఉంటుంది.

చిక్కల్లా ఒకటే. గద్ద తోక విప్పితే చీలిక కనపడదు, అచ్చం పక్షిరాజు తోకే అనిపిస్తుంది. "ముడిచేదాకా నోరు విప్పకండి" అని ఊరందరికీ నేర్పింది మాస్టారే. రొయ్యల చెరువుల మీద తిరిగే పక్షుల్ని చూసి చూసి ఆయన మెడ వెనక్కి వంగిపోయిందని జనం వేళాకోళం చేసేవారు. నీడ వాలితే మాత్రం ఆయన్నే పిలిచేవారు.

పక్కింటి సుబ్బరాజు గోడ మీంచి తొంగి చూశాడు. "ఏదండి మాస్టారండి అది?"

మాస్టారు నీడ చుట్టూ తిరిగారు. తోక విప్పి ఉంది, గుండ్రంగా. కొడుకు ప్రేమ్ కుమార్ కువైట్‌లో ఉన్నాడు. పాప కడుపులో ఉండగా వెళ్ళినవాడు, అక్కడి యజమాని పాస్‌పోర్టు దాచేస్తే ఇరుక్కుపోయాడు. ఆ బెంగతో సూరమ్మకి అన్నం సహించడం లేదు. ఇప్పుడామె ఆయన మొహం వంకే చూస్తోంది.

"పక్షిరాజే," అన్నారు మాస్టారు. "అబ్బాయి వచ్చేస్తాడు."

సూరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శారోన్ పాపని చంకనేసుకుని, "మావయ్యగారండీ, ఇంకా ముడవలేదు కదండీ," అంది.

"నాకు చెప్తావేంటమ్మా?"

ఆశ ఎంత చెడ్డదంటే, ఊరికి పాఠం చెప్పినాయన చేతే ఆ పాఠం మరిపించింది. సుబ్బరాజు మంచిదండి అనేసి చెరువు మీదకి పోయాడు. సూరమ్మ పాస్టరు గారికి కబురు చెప్పడానికి వెళ్ళింది. శారోన్ మావయ్య మాట కాదనలేక పాపని అరుగు మీద దించి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

మాస్టారు మళ్ళీ పేపరు తీశారు గానీ బుర్రకి అక్షరం ఎక్కడం లేదు. పేపరు దించి చూసేసరికి పాప అరుగు మీంచి జారి, పాక్కుంటూ ఎండుచేపల దాకా వెళ్ళిపోయింది. పాప ముందు నీడ కదిలింది. తోక మెల్లిగా ముడుచుకుంటోంది. నడిమధ్య చీలిక కనిపించింది.

ఆయన పరుగెత్తి పాపని ఎత్తుకొచ్చి గుమ్మంలోకి వచ్చిన శారోన్ చేతుల్లో పెట్టారు.

"గద్దేనమ్మా. నేను తప్పు చెప్పేను."

ఆ నోట ఆ మాట శారోన్ ఎప్పుడూ వినలేదు. పాపని గుండెకి అదుముకుంది. నీడ కింద ఎవరూ లేకపోతే ఎవరు పోతారో ఇద్దరికీ తెలుసు. మాస్టారు కుర్చీ పట్టుకుని వాకిట్లోకి నడిచారు.

"వద్దండీ మావయ్యగారండీ. నేను కూర్చుంటానండీ."

"నీకు పాలు తాగే పాప ఉంది. లోపలికెళ్ళు. మీ అత్తగారికి మాత్రం ఇది గద్దని చెప్పకు."

ఆయన నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. శారోన్ తలుపు వెయ్యలేకపోయింది, చూడనూ లేకపోయింది. పాప ఏడుపు మానేక తల తిప్పి చూస్తే వాకిలంతా ఎండే ఉంది. మాస్టారి గడ్డం గుండెల మీదకి వాలిపోయింది.

మాస్టారి చావు కబురు విని కువైట్ యజమాని మెత్తబడ్డాడు, పాస్‌పోర్టు ఇచ్చాడు. ప్రేమ్ కుమార్ భూస్థాపనకి అందుకున్నాడు. సూరమ్మ పెట్టె పక్కన కొడుకు చెయ్యి వదలకుండా కూర్చుంది.

"మీ నాన్నగారు పక్షిరాజన్నారురా. నువ్వొచ్చేవు. ఆయన మాట ఏనాడు తప్పింది?" అంది. "ఏమ్మా శారోన్?"

శారోన్ పాపని ప్రేమ్ కుమార్ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఆయ్, అత్తయ్యగారండీ," అంది.