మళ్ళీ పంపు

“ఏటే, నీకు నెలసరి ఆగిపోతందా ఏటి?” అన్నాడు గురునాథరావు, పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ, వాళ్ళమ్మ ముందరే.

రోజారమణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఈ సంగతి తను ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదా? ఈ మధ్య ఏది పైకి అందో, ఏది లోపల అనుకుందో తేడా తెలియడం లేదు. మొన్న నీళ్ళు పోయకుండా కుక్కర్ పొయ్యి మీద పెట్టింది. నిన్న ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీసిందో గుర్తురాక, ఆ చల్లగాలికి అలా నిలబడిపోయింది. ఉన్నట్టుండి ఒంట్లో ఆవిరి లేస్తుంది, జాకెట్టు తడిసిపోతుంది, అంతలోనే చలి. అత్త గురువమ్మ ఏదో సోకిందని దిష్టి తీసింది. మొగుడు తిన్నది అరక్క అన్నాడు. ఆ ఇద్దరి బట్టలూ ఉతికి, ఆ ఇద్దరి మందులూ వేళకి అందించే మనిషికి ఏమైందని అడిగే దిక్కు లేదు. అందుకే కాలనీ లైబ్రరీకి పోయి ‘నెలసరి ఆగే వయసు’ అనే పుస్తకం తెచ్చుకుంది. తెచ్చి బియ్యం డబ్బా అడుగున దాచింది. ఆ ఇంట్లో ఆ డబ్బా మూత తీసేది తనొక్కతే. అంతకన్నా భద్రమైన బీరువా ఆమెకు లేదు.

మరి ఈయనకెలా తెలిసింది?

పోయిన నెలా ఇంతే. స్కూటర్ నడపడం నేర్పే పుస్తకం తెచ్చుకున్న రోజే, స్కూటరెక్కి ఎక్కడికి పోతావే, సేపల బజారుకా అని నవ్వాడు. అప్పుడు తనే నోరు జారి ఉంటానని సర్దుకుంది. ఇప్పుడు భయమేసింది. నిద్రలో వాగుతున్నానా? బుర్ర చిల్లు పడ్డ తపేలా అయిపోయి, లోపలున్నవన్నీ కారిపోతున్నాయా?

“పోర్టులో మావోళ్ళకి సెప్పినాను. ఒకటే నవ్వు,” అంటూ ఆయన కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు. ఆ కంచం తోమిందీ ఆమే.

మర్నాడు సాయంత్రం, సగమే చదివిన పుస్తకం పట్టుకుని లైబ్రరీకి వెళ్ళింది. తన నోటిని తనే నమ్మలేనప్పుడు అది దగ్గర ఉండకపోవడమే మేలనుకుంది.

ఇంతకుముందు అక్కడ నర్గీస్ కార్డు మీద ముద్ర కొట్టి పుస్తకం ఇచ్చేది. ఇప్పుడు ప్రతి పుస్తకం అట్ట లోపలా పల్చటి బిళ్ళ ఒకటి అంటించారు. యంత్రం మీద పెడితే చాలు, తెరిచి చూడకుండానే అది ఏ పుస్తకమో కనిపెట్టేస్తుంది. ఆ యంత్రం పక్కన నిలబడి, చేతకాని వాళ్ళకి చూపించడమే ఇప్పుడు నర్గీస్ పని.

“అప్పుడే ఇచ్చేత్తన్నావేటక్కా? ఇచ్చేసినట్టు సారుకి మెసేజ్ ఎల్లిపోద్ది మరి.”

“ఏ సారుకి?”

“మీ ఆయనకే. తీసుకున్నా పుస్తకం పేరుతో సహా ఎల్తాది, ఇచ్చినా ఎల్తాది. కార్డులో ఉన్నది ఆయన నంబరే కదా.”

రోజారమణి స్టూలు మీద కూలబడింది. ముందు నవ్వొచ్చింది. బుర్ర బాగానే ఉందన్నమాట. ఆ వెంటనే ఏడుపొచ్చింది. కోపం రావాలి, కానీ ఎవరి మీద? నంబరు రాసింది తనే. గ్యాసుకీ, బ్యాంకుకీ, చివరికి తన రక్తపరీక్షకీ ఆయన నంబరే రాసిన చెయ్యి, ఇక్కడా అదే రాసింది. తన ఫోను చేతిసంచిలో ఉండగానే. ఎవరూ రాయమనలేదు. యంత్రాన్ని ఏమనగలం? చెప్పమన్న చోటికి చెప్పింది.

“మార్చు నర్గీస్. నా నంబరు పెట్టు.”

నర్గీస్ తెర మీద ఏదో నొక్కి, ఆగిపోయింది. నంబరు మార్చడానికి ఓటీపీ కావాలి. అది పాత నంబరుకే వెళ్ళింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రోజారమణి మొగుడికి ఫోన్ చేసి, వచ్చిన అంకెలు చెప్పమంది.

“ఏటికి?”

“లైబ్రరీ కార్డుకి నా నంబరు పెట్టుకోడానికి.”

“నా నంబరుకేటయినాది? పుస్తకాలే కదే. మొగుడి దగ్గిర దాపరికమేటి? ఇంటికెల్లి కూర సూసుకో.” పెట్టేశాడు.

దాపరికం. నిజమే, తనేం దాస్తోంది? అందులో సిగ్గుపడాల్సిందేముంది? లేకపోతే మరి ఎందుకు దాచింది? ఏమీ తేలలేదు. ఒక్కటి మాత్రం గుర్తొచ్చింది. ఆయనకి మొలల ఆపరేషను అయినప్పుడు, ఎవరు ఫోన్ చేసినా వైరల్ జ్వరమని చెప్పింది తనే. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ దాపరికం అనలేదు. పరువు అన్నారు.

ఆలోపు గడువు దాటి ఆ అంకెలు చెల్లకుండా పోయాయి. తెర మీద ‘మళ్ళీ పంపు’ అన్న మీట వెలిగింది. రోజారమణి నొక్కింది.

ఆయనే ఫోన్ చేశాడు. “ఏటే ఇది?”

“నాకేటవతందో మీకు తెలాలంటే, ఇకనించి నన్నే అడగాల,” అంది. జాకెట్టు తడిసిపోయింది. ఆ చెమట భయానిదో ఒంట్లో లేచిన ఆవిరిదో ఆమెకే తెలియలేదు. ఫోన్ కట్టయింది.

వంటకి టైమైపోతందక్కా అని నర్గీస్ మెల్లగా గుర్తు చేసింది. రోజారమణి స్టూలు యంత్రం దగ్గరికి లాక్కుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆపిన చోట తెరిచి, చదువుకోవడం మొదలుపెట్టింది. పేజీ తిప్పినప్పుడల్లా ఆ మీట నొక్కుతూ పోయింది. అక్కడ పోర్టులో, నవ్విన వాళ్ళందరి మధ్యా, ఆయన చొక్కా జేబు మోగుతూనే ఉంది.